జావా సైటుకి శుభ్రమైన అడ్రసులు: టామ్‌క్యాట్ మీద, తెలుగు పేర్లతో

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇదీ. శ్రీకాకుళం నుంచి పొందూరు ఖాదీ, బుడితి ఇత్తడి సామాన్లు, బొబ్బిలి వీణలు, పలాస జీడిపప్పు అమ్మే సైటు నడుపుతున్నారు. సర్వ్‌లెట్లు (అడిగినదానికి జవాబిచ్చే జావా ప్రోగ్రాములు), జేఎస్‌పీలు (పేజీని కట్టే ఫైళ్లు), వాటిని నడిపే టామ్‌క్యాట్ 9 సర్వరు, దాని ముందు ఎన్‌జిన్‌ఎక్స్ అన్న ఇంకో సర్వరు. ఒక్కో వస్తువు అడ్రసు ఇలా ఉంది:

/అంగడి/వస్తువు.జేఎస్‌పీ?ఐడీ=1042&జిల్లా=3

గూగుల్‌లో ఒకే పంచె మూడు నాలుగు అడ్రసులతో కనిపిస్తోంది. కొన్నింటి మధ్యలో జేసెషన్‌ఐడీ అని, అంటే వచ్చినవాళ్లని గుర్తుపట్టే సెషన్ నంబరుతో, పొడవాటి తోక. అడ్రసులో వస్తువు పేరు తెలుగులో కనపడాలని మీ కోరిక. నెట్‌లో దొరికిన స్లగ్ కోడ్ (పేరుని అడ్రసు ముక్కగా మార్చేది) పెడితే తెలుగు పేర్లన్నీ ఖాళీగా వస్తున్నాయి. పైగా పాత అడ్రసులతో క్యూఆర్ కోడ్లు ప్యాకింగ్ కవర్ల మీద అచ్చయిపోయాయి.

ముందు ఒక అపోహ తీసేద్దాం. ప్రశ్నార్థకం ఉన్న అడ్రసుల్ని గూగుల్ చదవలేదన్నది పాత మాట. చక్కగా చదువుతుంది. అడ్రసులో పేరు పెట్టినంత మాత్రాన మొదటి పేజీకి ఎక్కేదీ లేదు, దాని బరువు చాలా తక్కువ. మీకు నష్టం చేస్తున్నది వేరే: ఒకే వస్తువుకి నాలుగు అడ్రసులు ఉండటం. గూగుల్ క్రాలర్ (పేజీలు చదువుతూ తిరిగే ప్రోగ్రాము) అదే పేజీని నాలుగుసార్లు చదువుతుంది, బయటివాళ్లు ఇచ్చే లింకులు నాలుగు చోట్లకి చీలిపోతాయి. కాబట్టి ఒక వస్తువుకి ఒకే అడ్రసు, అదీ ఎప్పటికీ మారనిది. పనంతా దీనికోసమే. పేరు కనపడటం దాని వెనకాలే వస్తుంది.

అడ్రసు ఇలా కట్టండి:

/వస్తువు/1042/పొందూరు-ఖాదీ-పంచె

ఇక్కడ అన్నీ తెలుగు లిపిలో రాస్తున్నాను గానీ, "వస్తువు" అన్న మొదటి ముక్కని మీ కోడ్‌లో ఇంగ్లీషు అక్షరాల్లోనే పెట్టుకోండి. అది సర్వ్‌లెట్ మ్యాపింగ్‌లో (ఏ అడ్రసు ఏ సర్వ్‌లెట్‌కి పోవాలో చెప్పే చోట) కూర్చునే మాట, అక్కడ ఎన్‌కోడింగ్ తలనొప్పి వద్దు. 1042 డేటాబేస్‌లోని నంబరు. వెతకడం ఆ నంబరుతోనే. చివరి ముక్క, అంటే స్లగ్, మనుషులు చదువుకోవడానికి. రేపు "పంచె" తీసి "పంచెల చాపు" అని పేరు మార్చినా నంబరు కదలదు, పాత లింకు బతికే ఉంటుంది. నంబరు లేకుండా పేరుతోనే వెతికేట్టు కడితే అచ్చుతప్పు దిద్దిన ప్రతిసారీ పాత పేరుని ఒక పట్టికలో దాచుకోవాలి. అది నడిపించగలిగే పద్ధతే, కానీ ఇద్దరు ముగ్గురు చూసుకునే సైటుకి అనవసరపు బరువు.

జిల్లా పేరుని అడ్రసులోకి తేవద్దు. /శ్రీకాకుళం/రాజాం/... అని చూడ్డానికి బాగానే ఉంటుంది. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు మారాయి. అంతవరకు శ్రీకాకుళంలో ఉన్న రాజాం విజయనగరంలోకి వెళ్లింది, పాలకొండ పార్వతీపురం మన్యంలోకి వెళ్లింది. అలా కట్టిన సైట్లన్నీ ఆ రోజు అడ్రసులు మార్చుకోవాల్సిందే. వర్గం పేర్లూ అంతే: ఈరోజు "చేనేత" కింద ఉన్నది రేపు "ఖాదీ" కిందికి పోవచ్చు. జిల్లా, వర్గం, ధర, నిల్వ పేజీలో చూపించండి, అడ్రసులోకి రానివ్వకండి. జాబితా పేజీలో వరసక్రమం, ధర వడపోత లాంటివి ప్రశ్నార్థకం తరవాతే ఉండనివ్వండి. వాటి చోటు అదే.

ఇప్పుడు సర్వ్‌లెట్. "/వస్తువు/*" అని మ్యాప్ చేస్తే గెట్‌పాత్‌ఇన్ఫో అన్న మెథడ్ మీకు "/1042/పొందూరు-ఖాదీ-పంచె" అని విప్పిన రూపంలో (శాతం గుర్తుల కోడు తీసేసి) ఇస్తుంది. దాన్ని స్లాష్ దగ్గర విడగొడితే మొదటి ముక్క ఖాళీ స్ట్రింగు, ఎందుకంటే స్లాష్‌తోనే మొదలవుతోంది. నంబరు సున్నాలో కాదు, ఒకటో స్థానంలో ఉంటుంది. ఉత్త "/వస్తువు" అని వస్తే గెట్‌పాత్‌ఇన్ఫో నల్ ఇస్తుంది, దానికి జాబితా పేజీ చూపించండి. నంబరు చోట అక్షరాలు వస్తే నంబర్ ఫార్మాట్ ఎక్సెప్షన్ వచ్చి 500 (సర్వరులో తప్పు) పోతుంది. దాన్ని పట్టుకుని 404 (దొరకలేదు) పంపాలి. వస్తువు దొరక్కపోయినా 404 నిజంగా పంపండి. "క్షమించండి, దొరకలేదు" అన్న పేజీని 200తో (అంతా సరే అన్న కోడుతో) పంపితే గూగుల్ దాన్ని మామూలు పేజీ అనుకుని చదువుతూనే ఉంటుంది.

అన్నిటినీ ఒకే ఫ్రంట్ కంట్రోలర్‌తో, అంటే ఒకే సర్వ్‌లెట్‌తో, పట్టాలని కొందరు "/*" అని మ్యాప్ చేస్తారు. అందులోంచి జేఎస్‌పీకి ఫార్వర్డ్ చేస్తే (లోపల్లోపలే అప్పగిస్తే) ఆ ఫార్వర్డ్ కూడా "/*" కిందికే వస్తుంది, మళ్లీ మీ సర్వ్‌లెటే, మళ్లీ ఫార్వర్డ్, చివరికి స్టాక్ ఓవర్‌ఫ్లో. "/" అని మ్యాప్ చేస్తే జేఎస్‌పీలు బతుకుతాయి గానీ బొమ్మలు, సీఎస్‌ఎస్ అన్నీ మీ మీద పడతాయి. మీ సైటుకి "/వస్తువు/*", "/వర్గం/*" అని వేర్వేరుగా పెట్టుకోవడమే సుఖం.

ఫోల్డర్ల లోతు పెరగ్గానే పేజీ బోడిగా కనిపిస్తుంది, బొమ్మలుండవు, రంగులుండవు. జేఎస్‌పీలో "సీఎస్‌ఎస్/శైలి.సీఎస్‌ఎస్" అని సాపేక్షంగా రాసి ఉంటారు. ఇప్పుడు బ్రౌజరు దాన్ని "/వస్తువు/1042/సీఎస్‌ఎస్/శైలి.సీఎస్‌ఎస్" అని అడుగుతుంది. ప్రతి లింకునీ జేఎస్‌టీఎల్ అన్న ట్యాగుల లైబ్రరీలోని సి-యూఆర్‌ఎల్ ట్యాగుతో గానీ, కాంటెక్స్ట్ పాత్ (టామ్‌క్యాట్‌లో మీ సైటు పేరు, ఇప్పుడు "/అంగడి") ముందు చేర్చి గానీ రాయండి. పనిలో పనిగా "/అంగడి" అన్న కాంటెక్స్ట్ పేరు కూడా పోవాలంటే మీ వార్ ఫైలుకి (సైటంతా మూటకట్టిన ఫైలుకి) రూట్ అని, అన్నీ పెద్దక్షరాలతో పేరు పెట్టి టామ్‌క్యాట్‌లో వెయ్యండి. పాత "/అంగడి" అడ్రసుల కోసం ఎన్‌జిన్‌ఎక్స్‌లో ఒక నియమం రాయాలి. దాని సంగతి కింద చెబుతాను.

జేసెషన్‌ఐడీ తోక ఎందుకొస్తుందంటే, మొదటిసారి వచ్చినవాడి దగ్గర కుకీ ఉందో లేదో టామ్‌క్యాట్‌కి తెలియదు. అందుకని ఎన్‌కోడ్‌యూఆర్‌ఎల్ అన్న మెథడ్ గుండా వెళ్లిన ప్రతి లింకుకీ సెమీకోలన్ పెట్టి సెషన్ నంబరు తగిలిస్తుంది. గూగుల్‌బాట్ కుకీలు దాచుకోదు, కాబట్టి అది ఎప్పుడొచ్చినా మొదటిసారి వచ్చినట్టే. ప్రతిసారీ కొత్త తోక, కొత్త అడ్రసు. మందు ఒక్క వాక్యం: వెబ్ డాట్ ఎక్స్‌ఎమ్‌ఎల్ అన్న సెట్టింగుల ఫైల్లో సెషన్ కాన్ఫిగ్ కింద ట్రాకింగ్ మోడ్‌ని కుకీ అని పెట్టండి. సర్వ్‌లెట్ 3.0 నుంచి ఈ సదుపాయం ఉంది. సెషన్ నంబరు అడ్రసులో ఉంటే, ఆ లింకు ఎవరికైనా పంపిన కొనుగోలుదారు తన బుట్టని, తన ఖాతాని కూడా పంపేసినట్టే. ఇది ఈరోజే మార్చండి, మిగతావి తరవాత చూసుకోవచ్చు.

ఇక స్లగ్ ఖాళీగా రావడం. నెట్‌లో తిరిగే ఆ జావా కోడ్‌లో మామూలుగా రెండు మెట్లుంటాయి. మొదటిది నార్మలైజర్‌తో అక్షరాల్ని విడదీసి, ఫ్రెంచి, జర్మన్ అక్షరాల మీది గుర్తులు తీసేస్తుంది. రెండోది, రెగెక్స్‌లో (అక్షరాల నమూనాలు వెతికే పద్ధతిలో) "డబ్ల్యూ" వర్గంలో లేని ప్రతిదాన్నీ చెరిపేస్తుంది. జావాలో ఆ "డబ్ల్యూ" వర్గం అంటే, ప్రత్యేకంగా ఫ్లాగ్ ఇస్తే తప్ప, ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు, అండర్‌స్కోర్ మాత్రమే. తెలుగు మొత్తం చెరిగిపోతుంది. మిగిలేది ఖాళీ.

సరే అని యూనికోడ్ "ఎల్" వర్గం, అంటే అక్షరాలు, "ఎన్" వర్గం, అంటే అంకెలు ఉంచి మిగతావి తీసేస్తారు. అప్పుడు ఇంకో దెబ్బ. తెలుగులో గుణింతపు గుర్తులు, పొల్లు, సున్న "ఎల్" వర్గంలో లేవు, అవి "ఎమ్" వర్గంలో ఉన్నాయి. "శ్రీకాకుళం" కాస్తా "శరకకళ" అవుతుంది. ఇంగ్లీషుకే అలవాటు పడ్డ కళ్లు దీన్ని టెస్టింగ్‌లో గమనించవు, ఏవో తెలుగు అక్షరాలు కనిపిస్తున్నాయి కదా అని వదిలేస్తాయి. ఎల్, ఎమ్, ఎన్ మూడూ ఉండాలి.

పద్ధతి ఈ వరసలో ఉండాలి, వరస మారితే ఫలితం మారుతుంది. మొదట నార్మలైజర్‌తో ఎన్‌ఎఫ్‌సీ రూపంలోకి (విడి కోడుల్ని కలిపే రూపంలోకి) తెండి. తెలుగులో దీని అవసరం ఒకే ఒక్క గుర్తు దగ్గర పడుతుంది, ఐత్వం దగ్గర. యూనికోడ్‌లో "ై" ఒకే కోడుగానూ రాయొచ్చు, ఎత్వం కింద ఐత్వపు తోక చేర్చి రెండు కోడులుగానూ రాయొచ్చు. "పైడితల్లి" అన్న మాటని రెండు రకాలుగా టైపు చేస్తే తెరమీద ఒకేలా ఉంటుంది, కంప్యూటరుకి మాత్రం ఒకటి 9 కోడులు, ఇంకొకటి 10. విజయనగరం సిరిమానోత్సవం బొమ్మలు అమ్మేవాళ్లకి ఈ మాట రోజూ పడుతుంది. ఎన్‌ఎఫ్‌సీ చేస్తే రెండూ ఒకటవుతాయి.

తరవాత కంటికి కనపడని జాయినర్లు తీసేయండి. "సాఫ్ట్‌వేర్" అని సరిగా కనపడటానికి ట కింద పొల్లు తరవాత జీరో విడ్త్ నాన్ జాయినర్ పెడతాం, దాని కోడు 200సి. కీబోర్డును బట్టి ఒకరు పెడతారు, ఒకరు పెట్టరు. దీన్ని విడిగా ముందే చెరపకపోతే, తరవాతి మెట్టులో అది హైఫన్‌గా మారి మాట రెండు ముక్కలవుతుంది. దాని జంట 200డి కూడా తీసేయండి. ఆ తరవాత ఎల్, ఎమ్, ఎన్ కానిదంతా, ఎన్ని గుర్తులు వరసగా ఉన్నా, ఒక్క హైఫన్ చెయ్యండి. అండర్‌స్కోర్ వద్దు, మాటల మధ్య హైఫనే వాడమని గూగుల్ చెబుతోంది. చివర్లలో మిగిలిన హైఫన్లు తీసేసి, ఇంగ్లీషు అక్షరాలుంటే చిన్నక్షరాలు చెయ్యండి. అప్పుడు లోకేల్ రూట్ (ఏ ఒక్క భాషకీ చెందని సెట్టింగు) ఇవ్వడం మరవొద్దు. పొడవు తగ్గించాల్సి వస్తే హైఫన్ దగ్గరే కొయ్యండి. ఇన్ని అక్షరాలని లెక్కపెట్టి కోస్తే ఒత్తు మధ్యలో తెగి పొల్లు వేలాడుతుంది. ఇంత చేసినా ఖాళీ వస్తే, వస్తువు పేరు ఉత్త గుర్తులే అయితే, స్లగ్ లేకుండా నంబరుతోనే అడ్రసు ఇచ్చేయండి. వచ్చిన స్లగ్‌ని డేటాబేస్‌లో దాచండి, ప్రతి పేజీకీ మళ్లీ లెక్కకట్టొద్దు. మైఎస్‌క్యూఎల్ అయితే ఆ కాలమ్‌కి బైనరీ కొలేషన్ (పోల్చే పద్ధతి) ఇవ్వండి, బైటుకి బైటు పోల్చుతుంది.

తెలుగు స్లగ్ పెట్టాలా, ఇంగ్లీషు అక్షరాల్లో పెట్టాలా? గూగుల్ రెండూ ఒప్పుకుంటుంది. నా అభిప్రాయం చెప్పేముందు లెక్క చూడండి. ప్రతి తెలుగు కోడు యూటీఎఫ్-8లో 3 బైట్లు. అడ్రసులో ఒక్కో బైటు శాతం గుర్తుతో కలిపి 3 అక్షరాలు. అంటే ఒక్క కోడుకి 9. "శ్రీకాకుళం" 10 కోడులు, 90 అక్షరాలు. "పొందూరు-ఖాదీ-పంచె" 137 అక్షరాలు. అదే ఇంగ్లీషు అక్షరాల్లో రాస్తే 20. బ్రౌజరు పైన తెలుగుగానే చూపిస్తుంది గానీ, అక్కణ్నుంచి కాపీ చేసి వాట్సాప్‌లో పెట్టినప్పుడు చాలాసార్లు ఆ శాతం గుర్తుల బారే వస్తుంది. చూసినవాళ్లు ఇదేదో వైరస్ లింకు అనుకుంటారు. వార్తలు, కథలు, వ్యాసాల సైటుకి తెలుగు స్లగ్ హాయిగా పెట్టండి, గూగుల్ ఫలితాల్లో మన లిపి కనపడటం బాగుంటుంది. మీది దుకాణం, లింకు చేతులు మారడమే మీ వ్యాపారం. అందుకని ఇంగ్లీషు అక్షరాలే నా సలహా. తెలుగు పేరు పేజీ శీర్షికలో, పెద్ద హెడింగులో నిండుగా పెట్టండి, గూగుల్ చూసేది ముఖ్యంగా వాటినే.

ఇంగ్లీషు అక్షరాల్లోకి మార్చడానికి ఐసీయూ-ఫర్-జావా లైబ్రరీలో తెలుగు నుంచి లాటిన్‌కి మార్చే ట్రాన్స్‌లిటరేటర్ ఉంది. అది దీర్ఘాల మీద గీతలు, కింద చుక్కలు పెట్టి ఇస్తుంది. వాటిని ఎన్‌ఎఫ్‌డీ చేసి (అక్షరాన్నీ గుర్తునీ విడదీసి) తీసేయాలి, ఇక్కడ మాత్రం "ఎమ్" వర్గం చెరపడం సరైనదే. ఊళ్ల పేర్ల దగ్గర జాగ్రత్త. చ అక్షరానికి అది ఉత్త "సి" ఇస్తుంది, చీపురుపల్లి స్టేషను బోర్డు మీద ఉన్నట్టు రాదు. విజయనగరానికి "జె" పెడుతుంది. మన విజయనగరం అధికారిక స్పెల్లింగు "జెడ్" తో ఉంటుంది, "జె" తో వెతికేవాళ్లకి హంపి విజయనగరం కూడా వస్తుంది. మీ వస్తువుల్లో వచ్చే ఊళ్లకి ఒక చిన్న పట్టిక రాసుకుని, ముందు అందులో చూసి, లేకపోతేనే లైబ్రరీకి వదలండి.

తెలుగు స్లగ్గే కావాలంటే ఈ మూడూ గుర్తుంచుకోండి. లింకు కట్టేటప్పుడు జావాలోని యూఆర్‌ఎల్ ఎన్‌కోడర్ వాడొద్దు, అది ఫారం డేటాకి చేసింది, ఖాళీని కూడిక గుర్తు చేస్తుంది. అడ్రసు దారిలో కూడిక గుర్తంటే కూడిక గుర్తే. యూఆర్ఐ క్లాసులో దారిని విడిగా ఇచ్చే కన్‌స్ట్రక్టరుతో కట్టి టు-ఆస్కీ-స్ట్రింగ్ పిలవండి. రీడైరెక్ట్ చేసేటప్పుడు (వేరే అడ్రసుకి మళ్లించేటప్పుడు) కొత్త అడ్రసు చెప్పే లొకేషన్ హెడర్‌లో పచ్చి తెలుగు పెట్టొద్దు, హెడర్లలో అది పాడైపోతుంది. టామ్‌క్యాట్ 8 నుంచి అడ్రసుని యూటీఎఫ్-8గానే విప్పుతుంది, 7లో మాత్రం కనెక్టరుకి యూఆర్ఐ ఎన్‌కోడింగ్ చెప్పకపోతే పిచ్చి అక్షరాలు వస్తాయి.

తప్పుడు స్లగ్‌తో వచ్చినవాళ్లని సరైన అడ్రసుకి పంపాలి. నంబరుతో వస్తువు తీసి, దాని స్లగ్‌ని వచ్చిన స్లగ్‌తో పోల్చి, తేడా ఉంటే 301, అంటే శాశ్వతమైన మళ్లింపు. సెండ్ రీడైరెక్ట్ మామూలుగా 302 పంపుతుంది, అది తాత్కాలికం. టామ్‌క్యాట్ 9లో స్టేటస్ 301 అని మీరే పెట్టి లొకేషన్ హెడర్ రాయాలి. గెట్‌క్వెరీస్ట్రింగ్ నల్ కాకపోతే దాన్నీ చివర చేర్చండి, లేకపోతే ప్రకటనల లెక్కలు పోతాయి. ఇక్కడ జరిగే పెద్ద ప్రమాదం అంతులేని రీడైరెక్టు. గెట్‌రిక్వెస్ట్‌యూఆర్ఐ విప్పని రూపం ఇస్తుంది, డేటాబేస్‌లోది విప్పిన రూపం. ఈ రెండింటినీ పోలిస్తే తెలుగు ఉన్నప్పుడు ఎన్నటికీ సమానం కావు, బ్రౌజరు తిరిగి తిరిగి ఆగిపోతుంది. ఎప్పుడూ గెట్‌పాత్‌ఇన్ఫోతోనే పోల్చండి. ఇంకో మాట: 301ని బ్రౌజర్లు గట్టిగా గుర్తుపెట్టుకుంటాయి. పరీక్ష పూర్తయ్యేదాకా 302 పెట్టి, అంతా సరిగా ఉందనుకున్నాకే 301కి మార్చండి.

పేజీ తలలో కెనానికల్ లింకు (ఇదే అసలు అడ్రసు అని గూగుల్‌కి చెప్పేది) కూడా పెట్టండి. డొమైన్ పేరుని రిక్వెస్ట్ నుంచి తీసుకోవద్దు, సెట్టింగులో రాసుకోండి. ఎన్‌జిన్‌ఎక్స్ వెనక టామ్‌క్యాట్‌కి వచ్చేది హెచ్‌టీటీపీయే కాబట్టి, గెట్‌స్కీమ్‌ని నమ్మి కడితే కెనానికల్, సైట్‌మ్యాప్ (గూగుల్‌కి ఇచ్చే అడ్రసుల జాబితా) రెండింట్లోనూ ఎస్ లేని అడ్రసులు పడతాయి. సైట్‌మ్యాప్ ఒక్కో ఫైల్లో 50,000 అడ్రసులదాకా పడతాయి, మీకు ఒకటి చాలు. అందులో కొత్త అడ్రసులు మాత్రమే ఉండాలి.

పాత జేఎస్‌పీ అడ్రసులకి చాలామంది యూఆర్‌ఎల్ రీరైట్ ఫిల్టర్ (నియమాలు రాస్తే అడ్రసులు మార్చే లైబ్రరీ) వేస్తారు. మంచి సాధనమే. ప్రశ్నార్థకం తరవాతి భాగాన్ని కూడా పోల్చాలంటే దాని ఫైల్లో యూజ్ క్వెరీ స్ట్రింగ్ అన్నది ట్రూ చెయ్యాలి, ఇది తెలియక నియమం పట్టుకోవడం లేదని గంటలు పోతాయి. నమూనాలోంచి ఫార్వర్డ్ అన్న డిస్పాచర్ (ఫిల్టరు ఏ రకం పిలుపులకి పనిచెయ్యాలో చెప్పేది) కూడా కాపీ చేస్తే లోపలి ఫార్వర్డులు మళ్లీ ఫిల్టరులో పడి చుట్లు తిరుగుతాయి. రిక్వెస్ట్ ఒక్కటే ఉంచండి. అయినా మీకు దాన్ని సిఫారసు చెయ్యను. ఫిల్టరు నియమానికి డేటాబేస్ తెలియదు కాబట్టి స్లగ్ తెలియదు, /వస్తువు/1042 దాకా పంపి ఆగుతుంది, అక్కణ్నుంచి మీ సర్వ్‌లెట్ ఇంకో 301 పంపాలి. రెండు గెంతులు. దానికి బదులు ఒక చిన్న సర్వ్‌లెట్ రాసి, దాన్ని సరిగ్గా "/వస్తువు.జేఎస్‌పీ" అన్న అడ్రసుకే మ్యాప్ చెయ్యండి. కచ్చితమైన మ్యాపింగు, చుక్క-జేఎస్‌పీ మ్యాపింగు కంటే ముందు నిలుస్తుంది. అది ఐడీ తీసుకుని, స్లగ్ వెతికి, జిల్లా సంఖ్యని వదిలేసి, ఒక్క 301తో కొత్త చోటికి పంపుతుంది. అసలు జేఎస్‌పీ ఫైలుని వెబ్-ఇన్ఫ్ ఫోల్డరులోకి జరపండి, బయటినుంచి ఎవరూ నేరుగా తెరవలేరు. "/అంగడి" కోసం ఎన్‌జిన్‌ఎక్స్‌లో రీడైరెక్టు రాయకుండా, ఆ ముక్క తీసేసి లోపలికి పంపించండి. అప్పుడు వస్తువుల పాత లింకులన్నీ ఈ సర్వ్‌లెట్ దగ్గరికే వచ్చి అక్కడి 301 తీసుకుంటాయి, గెంతు ఒక్కటే అవుతుంది.

తరవాత స్ప్రింగ్ బూట్ అన్న జావా ఫ్రేమ్‌వర్కుకి మారే ఆలోచన ఉంటే ఈ అడ్రసులు అలాగే పనిచేస్తాయి. బూట్ 3లో చివర స్లాష్ ఉన్న అడ్రసు దానంతట అది కలవదు, 404 వస్తుంది. దానికీ 301 రాసుకోవాలి. పాత స్ప్రింగుల్లో స్లగ్‌లో చుక్క ఉంటే చుక్క తరవాతది తెగిపోయేది, మీ స్లగ్‌లో చుక్కలే రావు కాబట్టి ఆ బాధ లేదు.

అన్నీ పెట్టాక కర్ల్ అన్న కమాండ్‌తో హెడర్లు మాత్రమే తెప్పించుకుని చూడండి. పాత అడ్రసు: ఒకే ఒక్క 301. కొత్తది: 200, అడ్రసులో సెమీకోలన్ ఎక్కడా లేకుండా. స్లగ్ తప్పు: 301. లేని నంబరు: 404. ఆ తరవాత ఒక ప్యాకింగ్ కవరు తీసుకుని ఫోనుతో స్కాన్ చేసి చూడండి. గూగుల్ కోసమైతే పాత రీడైరెక్టులు కనీసం ఏడాది ఉంచాలి. మీ కవర్ల మీది కోడ్లు మాత్రం కొన్నవాళ్ల ఇళ్లలో ఎన్నేళ్లయినా ఉంటాయి, కాబట్టి ఆ పాత సర్వ్‌లెట్‌ని, ఎన్‌జిన్‌ఎక్స్‌లోని ఆ ఒక్క నియమాన్ని సైటు ఉన్నన్నాళ్లూ తీయకండి. ఎందుకు తీయకూడదో దాని పైనే కామెంటు రాసి పెట్టండి, తరవాత వచ్చే కుర్రాడు పాత చెత్త అనుకుని తుడిచేయకుండా.